ఆమెన్‌కు ముందు ఆగిన లారీలు

కూరెకుప్ప,
18 జూన్ 2007

చిరంజీవి జాబెజ్‌కు మీ అవ్వ దీనమ్మ దీవించి రాసేది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని మీ చిన్నాయన సైలస్ అడిగాడు. ఫోనులో ఎవరూ వాక్యం పూర్తి చేయరు. పైగా ఖనిజం లారీలు ఇంటి ముందు పోతున్నంతసేపూ నా మాట నాకే వినపడదు. లారీలు పోని సమయమంటూ ఇప్పుడు ఈ ఊళ్లో లేదు.

విషయం సైలస్ కూతురు షెకైనా గురించి. మూడో తరగతికి వచ్చింది. మిషన్ బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా నేను చూసిన పిల్లల్లో మొద్దులున్నారు, దొంగలున్నారు, చిరుతిండి కోసం సండే స్కూలుకు వచ్చేవాళ్లున్నారు. ఇలాంటి పిల్లను చూడలేదు. మొన్న ఎక్కం అప్పజెపుతూ "ఏడు ఆర్లు" అని ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. బెత్తంతో బల్ల మీద కొట్టాను. రెప్పలు కొంచెం అదిరాయి తప్ప జవాబు లేదు. తర్వాత ఏమీ జరగనట్టు "నలభై రెండు" అంది. జవాబు సరైనది కాబట్టి దండించడానికి వీల్లేకపోయింది. ఆగినందుకు మాత్రం మూలన నిలబెట్టాను. మూలన కూడా ఆగింది. నిలబడినదాన్ని ఆగావని ఎలా దండించాలో నాకు శిక్షణలో నేర్పలేదు.

మీ చిన్నాయన తీరు ఇంకా అధ్వానం. ఇప్పుడతనికి సొంత లారీలున్నాయని నీకు తెలుసు. పొద్దున అవి యశ్వంతనగర్ గనికి బయలుదేరే ముందు పెరట్లో ప్రార్థన చేయిస్తాడు. ఒకరోజు పిల్లను చేయమన్నాడు. "ప్రభువా, మా లారీలను" అని ఆగింది. ఇదేదో సూచన అని సైలస్ ఆ రోజు లారీలను ఆపేశాడు. ఆ రోజే చెక్‌పోస్టులో, ఎక్కువ లోడు వేసుకున్నారని ఊళ్లోవాళ్ల లారీలన్నీ పట్టుకున్నారు. అప్పటినుంచి పిల్లను రోజూ పొద్దున్నే లేపుతున్నారు. ఆగకపోతే లారీలు పోతాయి, ఆగితే పోవు. హులిగెప్ప అని, మన వీధి చివర లారీల యజమాని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మరీ మన ప్రార్థనకు వస్తున్నాడు. నేను అడిగితే, "ఎవురి దేవుడైతే ఏందమ్మా టీచరమ్మా, చెక్‌పోస్టు అందరికీ ఒగటే కదా" అన్నాడు.

నువ్వు బెంగళూరులో ఎలుకల మెదళ్ల మీద పరిశోధన చేస్తున్నావు. పిల్లది పొగరా, సోమరితనమా తేల్చి రాయి. ఎలుకల్లో పొగరుబోతులుంటే వాటికేం చేస్తారో కూడా రాయి.

మీ అవ్వ,
దీనమ్మ

బెంగళూరు,
27 జూన్ 2007

ప్రియమైన అవ్వకు,

మా ఎలుకల్లో పొగరుబోతులున్నాయి. కానీ వాటిని మూలన నిలబెట్టే అధికారం నాకు ఇవ్వలేదు.

అవ్వా, బెత్తం పక్కన పెట్టు. నవ్వులాటకు చెప్పడం లేదు. పాప ఆగినప్పుడు రెప్పలు అదురుతున్నాయా, చేతిలో వస్తువు జారుతోందా, తేరుకున్నాక తను ఆగిన సంగతి తనకు తెలుస్తోందా? గట్టిగా ఊపిరి తీసి వదులుతున్నప్పుడు ఎక్కువగా వస్తోందా? ఇవి చూసి రాయి.

నా అనుమానం అది మూర్ఛలో ఒక రకమని. మూర్ఛ అనగానే కిందపడి కొట్టుకోవడం గుర్తుకొస్తుంది. ఇది అలా ఉండదు. కొన్ని క్షణాలు పిల్లలు అక్కడే ఉంటారు, కానీ ఉండరు. డాక్టర్లు దీనికి పెట్టిన పేరుకు అర్థం "గైర్హాజరు". బళ్లారిలో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చిన్నాయనకు నేను ఫోన్ చేశాను. "ప్రార్థన చేస్తాండా, మళ్లీ మాట్లాడతా" అని పెట్టేశాడు.

నీ మనవడు,
జాబెజ్

కూరెకుప్ప,
9 జూలై 2007

చిరంజీవి జాబెజ్‌కు,

పట్టికలో హాజరు పడిన పిల్లను గైర్హాజరు అనడం ఏ బడిలోనూ ఒప్పుకోరు. మీ డాక్టర్ల పద్ధతి నాకు నచ్చలేదు. అయినా నువ్వు చూడమన్నవి చూశాను.

రెప్పలు అదురుతాయి. పెదవులు ఏదో చప్పరించినట్టు కదులుతాయి. ఆగానని తనకు తెలియదు. నిన్న పిల్ల తల్లి యూనీస్ స్నానాల పొయ్యి దగ్గర పిల్లకు ఊదుగొట్టం ఇచ్చింది. పచ్చి కట్టెలు. పిల్ల ఊది ఊది, గొట్టం నోట్లో ఉండగానే ఆగిపోయింది. యూనీస్ భయపడి పిలిచింది, పలకలేదు. తేరుకుని మళ్లీ ఊదింది. నేను ఆ పూట మూలన నిలబెట్టలేదు. ఇకమీదట నిలబెట్టను. దీన్ని గురించి ఇంతకంటే రాయను.

సైలస్‌తో డాక్టరు మాట ఎత్తాను. "అమ్మా, నీకేం తెలుస్తాది? పాపకు పైనుంచి మాట వస్తాండాది. మందు పోసి దేవుని నోరు మూయిస్తావా?" అన్నాడు. దేవుడు మాట్లాడదలచుకుంటే వాక్యం మధ్యలో ఆపడు, ఆయన చదువుకున్నవాడు అని చెప్పాను. లారీ హారన్ మోగింది, లేచి వెళ్లాడు.

నాకు సంగతి పూర్తిగా తెలియాలి. తెలియనిదాన్ని నేను వాదించను. పిల్ల తలలో ఏం జరుగుతోందో, మూడో తరగతివాళ్లకు చెప్పినట్టు కాక, నాకు చెప్పినట్టు రాయి.

మీ అవ్వ

బెంగళూరు,
20 జూలై 2007

ప్రియమైన అవ్వకు,

నీకు తెలిసిన చోటినుంచే చెప్తాను. తోరణగల్లు రైల్వే గేటు గుర్తు తెచ్చుకో.

గేటు తెరిచి ఉన్నప్పుడు లారీలు ఒకటొకటిగా పోతుంటాయి. మెదడు లోపల మధ్యలో ఒక కూడలి ఉంది. కంటినుంచి, చెవినుంచి వచ్చే కబురు అక్కడి కణాల మీదుగా పైమెదడుకు పోతుంది. మేలుకొని ఉన్నప్పుడు ఆ కణాలు ఒక్కొక్క సంకేతాన్నే వరుసగా పంపుతాయి. నువ్వు "షెకైనా" అన్నావంటే ఆ పిలుపు పైకి చేరుతుంది.

ఆ కణాల గోడల్లో కాల్షియం లోపలికి వచ్చే సన్నని ద్వారాలున్నాయి. వాటి గుణం విచిత్రం. కణం కాసేపు బాగా అణిగి ఉంటేనే అవి తెరుచుకోవడానికి సిద్ధమవుతాయి. గేటు వేసి ఉన్నంతసేపూ లారీలు చేరుతాయి చూడు, అలా. తర్వాత చిన్న కదలిక చాలు, ద్వారాలు తెరుచుకుని కాల్షియం ఒక్కసారిగా లోపలికి వస్తుంది. కణం ఒక్క సంకేతం పంపాల్సిన చోట గుత్తిగా పంపుతుంది. గేటు ఎత్తగానే అన్ని లారీలూ ఒకేసారి హారన్ కొట్టి దూకినట్టు. మళ్లీ అణుగుతుంది, మళ్లీ గుత్తి. కూడలీ పైమెదడూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని, సెకనుకు మూడుసార్లు ఒకే తాళం వేస్తాయి. ఆ తాళం నడుస్తున్నంతసేపు నీ పిలుపుకు దారి ఉండదు. నీ గొంతు కూడా గేటు దగ్గర నిలబడిపోతుంది అవ్వా.

గాఢనిద్రలో అందరి మెదడూ ఇలాంటి పనే చేస్తుంది. మేలుకొని ఉండగా చేయడమే చిక్కు. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఆ ద్వారాలు కాస్త తేడాగా ఉంటాయి. చిన్న తోపుకే తెరుచుకుంటాయి, లేదా మూసుకోవడానికి తాత్సారం చేస్తాయి. గట్టిగా ఊదితే రక్తంలో వాయువులు మారి ఈ తాళం త్వరగా మొదలవుతుంది. పొగరు దీనికి కారణం కాదు, సోమరితనమూ కాదు. మందు ఉంది. చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది కూడా.

జాబెజ్

కూరెకుప్ప,
6 ఆగస్టు 2007

చిరంజీవి జాబెజ్‌కు,

నీ ఉత్తరం బాగుంది. అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది ఇందులో పెట్టాను. నీ గేటు ఉపమానంలో ఒక లోపం ఉంది. గేటు వేసినా సైకిళ్లవాళ్లు కిందినుంచి దూరిపోతారు. పిల్ల ఆగి లేచి "నలభై రెండు" ఎలా చెప్పిందో నువ్వు రాయలేదు.

కాల్షియంతో వచ్చిన తంటా కాబట్టి నేను వెంటనే పిల్లకు పాలు, రాగి సంకటి, గుడ్డు మాన్పించాను. ఇంట్లో పనిచేసే దేవక్క తాంబూలానికి సున్నం డబ్బా తీస్తే, పిల్ల దగ్గర తీయవద్దని బయటకు పంపాను. "సున్నం నేను తింటే పాపకేమైతాదమ్మా?" అని అది అడిగింది. శాస్త్రం అని చెప్పాను.

ఇంత చేసినా పిల్ల ఆగడం తగ్గలేదు, పెరిగింది. ఎందుకని నిఘా వేశాను. నిన్న లారీ క్యాబిన్‌లో కాల్షియం టానిక్ సీసా దొరికింది, సగం ఖాళీ. సైలస్ నీ ఉత్తరం నా బల్ల మీదినుంచి తీసి చదివాడట! అందులో అతనికి అర్థమైంది ఒక్కటే, కాల్షియం లోపలికి పోతే పాప ఆగుతుందని. "చెంచా రెండు పొద్దున, రెండు మాపటికి ఇస్తాండా. మాట బాగా వస్తాండాది" అన్నాడు. నేను ముందు వాకిట్లో కాల్షియం ఆపుతుంటే అతను పెరటి వాకిట్లో పోస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ హాని చేశామో వెంటనే రాయి.

మీ అవ్వ

బెంగళూరు,
11 ఆగస్టు 2007

అవ్వా,

ఎవరూ ఏ హానీ చేయలేదు. పాపం, పాలు మాని పిల్ల ఆకలితో ఉండటం తప్ప!

తినే కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు. ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో శరీరం తానే చూసుకుంటుంది. తేడా సరుకులో కాదు, ద్వారంలో. ఊరికి వచ్చే లారీలను ఆపితే గేటు బాగుపడదు, నాలుగు లారీలు ఎక్కువ పంపితే గేటు విరగదు. డాక్టరు ఇచ్చే మందు ఆ ద్వారాల దూకుడు తగ్గిస్తుంది. టానిక్ చిన్నాయననే తాగమను, మోకాళ్లకు మంచిది. పాప ఆగడం ఎక్కువైంది టానిక్ వల్ల కాదు. వైద్యం లేకపోతే ఇలా ఎక్కువ కావచ్చు. అందుకే తొందరపెడుతున్నాను. రోడ్డు దాటుతూ ఆగితే? ఆ రోడ్డు మీద?

నీ సైకిళ్ల ప్రశ్న మా గురువుగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసి రాసుకున్నారు.

జాబెజ్

కూరెకుప్ప,
3 సెప్టెంబరు 2007

చిరంజీవి జాబెజ్‌కు,

పాలు తిరిగి ఇస్తున్నాను. దేవక్కకు మాత్రం సంజాయిషీ ఇవ్వలేదు.

బళ్లారి వెళ్లాం. రోడ్డు సంగతి నువ్వు రాసింది సైలస్‌కు చదివి వినిపిస్తే వెంటనే జీపు తీశాడు. దారిలో హులిగెప్ప ఎక్కాడు. ఎందుకయ్యా అంటే, "పాప ఊళ్లో లేకపోతే మా లారీలకు దిక్కెవరమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. పిల్ల చేతికి రంగు కాగితాల గిరగిర బొమ్మ ఇచ్చి, ఆపకుండా ఊదమంది. బొమ్మ తిరిగింది, తిరిగింది, పిల్ల ఆగింది, బొమ్మ కూడా ఆగింది. హులిగెప్ప చెప్పులు విడిచి, చేతులు జోడించి ముందుకు వచ్చాడు. "పాపమ్మా, ఈ పొద్దు యశ్వంతనగర్ లోడు పోవాల్నా, బ్యాడవా?" అన్నాడు. "ఇవరు యారు?" అని డాక్టరమ్మ కన్నడంలో నన్ను అడిగింది. రోగి కాదు, భక్తుడు అని చెప్పాను.

తలకు తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. నువ్వు రాసినట్టే సెకనుకు మూడు చొప్పున కొండలూ లోయలూ వచ్చాయి. డాక్టరమ్మ మందు రాసింది. సైకిలు వద్దంది, చెరువు వద్దంది, రోడ్డు దాటితే చెయ్యి పట్టుకోవాలంది.

ఇదంతా చూసి కూడా సైలస్ మారలేదు. "డాక్టరమ్మ మిషన్‌కు దేవుని మాట గీతల్లెక్క కనపడింది, అంతే" అంటాడు. మందు సీసా నా చేతికి ఇవ్వకుండా తన లారీ పెట్టెలో పెట్టుకున్నాడు. అది రోజూ యశ్వంతనగర్ పోయి వస్తోంది. ఖనిజం ధూళితో సీసా ఎర్రబడింది, మూత మాత్రం తీయలేదు. నేను పోట్లాడాను. అతను నా కొడుకు, నాలాగే వినడు. నీ మాట వింటాడేమో, అతనికే ఒక ఉత్తరం రాయి.

మీ అవ్వ

అన్నా, అవ్వ ఈ కవరు అంటించమని నాకిచ్చింది. అందుకే కింద రాస్తాండా. ఎవరికీ చెప్పొద్దు. ఆగినప్పుడు నాకు ఏమీ కనపడదు. అందరూ నన్నే చూస్తాంటే అప్పుడు ఆగినానని తెలుస్తాది. నాయన ఏం చూస్తివి అని అడిగితే తెల్ల గుర్రం అని చెప్పినా. చానా సంతోషపడినాడు. ఇంకోసారి తూర్పు అని చెప్పినా. తూర్పు యాడుందో నాకు తెలీదు. మందు తాగితే ఆగనంట కదా. అప్పుడు నాయన పొద్దున్నే నన్ను పిలుస్తాడా? లారీలు వచ్చినంక నాతో మాట్లాడేది ఆ ఒక్క పూటే.
షెకైనా

బెంగళూరు,
12 సెప్టెంబరు 2007

చిన్నాయనకు నమస్కారాలు.

దేవుడు మాట్లాడతాడా లేదా అన్నది నాతో తేలదు. నాకు తెలిసింది ఒక్కటే, పాప ఆగిన ఆ కాసేపు ఎవరి మాటా లోపలికి పోదు. అమ్మ మాట పోదు, అవ్వ మాట పోదు, మీ మాట కూడా పోదు. మీరు ఎదురుగా కూర్చుని ఉన్నా ఆమెకు మీరు లేరు. రోజుకు ఎన్నో సార్లు అలా మీరు లేకుండా పోతున్నారు.

ఒక్కటి చేసి చూడండి. రేపు ఆగినప్పుడు లారీల వైపు చూడకుండా, ఆమె ముఖంలోకి చూస్తూ పిలవండి.

ఇంకొక్క మాట, తప్పయితే క్షమించండి. పాప ఆగని రోజుల్లో మీరు ఆమెతో కూర్చున్నది ఎప్పుడు?

మీ జాబెజ్

కూరెకుప్ప,
25 సెప్టెంబరు 2007

జాబెజప్పా,

అమ్మకు తెలీకుండా రాస్తాండా. తెలిస్తే తప్పులు దిద్దుతాది.

నువ్వు చెప్పినట్ల పిలిచినా. పాప కండ్లు నా మీదనే ఉన్నాయి. నేను ఆ కండ్లల్లో లేను. భుజం పట్టుకుంటి. "షెకైనా, నాయన్ను రా" అంటి. డ్రైవర్లందరూ లారీలు పోవాల్నా వద్దా అని నన్ను చూస్తాండారు. నాకు లారీల యోచనే రాలే. ఇన్ని దినాలు పాప ఆగితే నేను రోడ్డు దిక్కు చూస్తినే గాని పాప దిక్కు చూడకపోతి.

అదొక్కటే గాదు. ఇప్పుడు దినామూ ఆగుతాంది. అట్లయితే లారీ ఒక్కటీ కదిలేది లేదు. హులిగెప్ప వచ్చి నా కాళ్లు పట్టుకునె. "సాకప్పా, చాలింక సైలసప్పా, మీ దేవుడు దినామూ వద్దంటే మేమెట్ల బతికేది? ఆ మందేదో పోయప్పా" అన్నాడు. భక్తుడే మందు పొయ్యమంటే నాకు నవ్వొచ్చె. నవ్వి శానా దినాలాయ.

సీసా తీసినా. మూత రాలే. పిల్లోల్లు తియ్యకుండా పెట్టిన మూతంట. పానా తెచ్చి తిప్పినా. సగం ఒలికిపాయ. డాక్టరమ్మ దగ్గరికి పోయి ఇంకొకటి తెస్తి. చెంచా నేనే పోసినా. పాప మొగం చిట్లించి తాగి, "నాయనా, రేపు కూడా నువ్వే పోస్తావా?" అనె. ఎందుకట్ల అడిగిందో నాకు అర్థం గాలే. పోస్తానంటి.

మీ చిన్నాయన,
సైలస్

కూరెకుప్ప,
19 నవంబరు 2007

చిరంజీవి జాబెజ్‌కు,

డాక్టరమ్మ మందు మోతాదు మెల్లగా పెంచింది. మొదట్లో పిల్లకు కడుపులో తిప్పింది, ఇప్పుడు సర్దుకుంది. ఆగడం తగ్గుతూ తగ్గుతూ, ఈ నెలలో నేను చూసినంతవరకు లేదు. మొన్న మళ్లీ బొమ్మ ఊదించారు. ఊదింది, ఊదుతూనే ఉంది, డాక్టరమ్మే ఇక చాలు అంది. మందు ఇంకా కొన్నేళ్లు వాడాలట.

దీనివల్ల ఇంట్లో కొత్త ఇబ్బందులు వచ్చాయి. పిల్లకు ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి. నేను చెప్పే కథ మధ్యలో ఎక్కడ ఏం వదిలేశానో పట్టుకుంటోంది. ఆదివారం అయ్యగారు ప్రసంగంలో ఒకే మాట మళ్లీ చెబితే, "ఇది ఇందాకే చెప్పినారు కదా" అని గుడి మొత్తం వినేట్టు అంది. మందలించాను. మందలించాక ఇంటికి వచ్చి ఆమెకు ఇష్టమైన పాయసం వండాను. ఈ రెండింటికీ సంబంధం లేదు.

ఆగినప్పుడు తెల్ల గుర్రం కనపడిందనడం అబద్ధమని పిల్ల తానే వాళ్ల నాయనతో చెప్పింది. తూర్పు అన్నదీ అంతేనట.  సైలస్ ఆమెను పెరట్లోకి తీసుకుపోయి తూర్పు ఎటో చూపించాడు. ఆ మాట నమ్మి అతను ఏ పని చేశాడో నన్ను అడగవద్దని చెప్పాడు, కాబట్టి నీకూ రాయను.

ఈ పొద్దుటి సంగతి చెప్పి ముగిస్తాను. పిల్లను ఇప్పుడు ప్రార్థనకు ఎవరూ పిలవరేమోనని నేను అనుకున్నాను. సైలస్ తానే లేపి, ముఖం కడిగించి, పెరట్లోకి తీసుకొచ్చాడు. లారీ ఇంజన్లు ఆపించాడు. పిల్ల మొదటినుంచి చివరివరకు ప్రార్థన చేసింది. ఎక్కడా తడబడలేదు. ఆమెన్ అంది. డ్రైవర్లు లేచి, తాళాలు తీసుకుని, సైలస్ సైగ కోసం చూశారు.

పిల్ల కూడా లేచింది. "నాయనా, అయిపాయ కదా. నేనింక లోపలికి పోనా?" అంది.

"యాడికి పోతావ్? కూచో" అన్నాడు.

"లారీలు పోవాల కదా."

"పోతాయిలే."

పిల్ల కూర్చుంది. ఇద్దరూ లారీ మెట్టు మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాలని ప్రయత్నించాను, దూరం ఎక్కువైంది. డ్రైవర్లు చేతుల్లో తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డారు.

ఇంతలో హులిగెప్ప వాకిలి దగ్గరకు వచ్చి, కదలని లారీలను చూసి గాబరాపడ్డాడు. "ఏంది టీచరమ్మా, మందు పనిచేయలేదా? ఈ పొద్దు మళ్లీ ఆగిందా పాప?" అన్నాడు.

"పాప ఆగలేదయ్యా. వాళ్ల నాయన ఆగాడు" అన్నాను.

మీ అవ్వ,
దీనమ్మ